‘చూడు’ ఒక్కటే మాట: ఇంగ్లీషులో ఏ చూపుకు ఏ క్రియ

“ఆయన నన్ను కోపంగా చూశాడు.” దీన్ని ఇంగ్లీషులో చెప్పమంటే మన దిక్కు చాలామంది నోట మొదట వచ్చేది “హీ సా మీ యాంగ్రిలీ”. ఒక్కో మాట విడిగా చూస్తే సరైనదే, వాక్యం మాత్రం తప్పు. ‘సా’ అంటే నేను ఆయన కంట పడ్డానని అర్థం. కంట పడటంలో కోపం ఉండదు, ప్రేమా ఉండదు. కన్ను తెరిచి ఉంటే చాలు, అది దానంతట అదే జరిగిపోతుంది. కోపం ఉండేది చూపు తిప్పడంలో. అందుకే “హీ లుక్డ్ ఎట్ మీ యాంగ్రిలీ” అనాలి. ఇంకా సూటిగా కావాలంటే “హీ గ్లేర్డ్ ఎట్ మీ”. ఈ రెండో వాక్యంలో కోపం అన్న మాట ఎక్కడా లేదు, క్రియలోనే కలిసిపోయింది.

తెలుగు తీరు వేరు. మనకు క్రియ ఒక్కటే, చూపు రంగు మొత్తం దాని ముందు మాటలో ఉంటుంది. తొంగి చూడు, తేరిపార చూడు, కొరకొర చూడు, ఓరకంట చూడు, ఎగాదిగా చూడు, కళ్లప్పగించి చూడు. ఇంగ్లీషు ఆ ముందు మాటను మింగేసి ఒక్కో చూపుకు ఒక్కో క్రియ చేసుకుంది. కాబట్టి ఇంగ్లీషులో చెప్పబోయేటప్పుడు పట్టుకోవాల్సింది ‘చూడు’ను కాదు, దాని ముందున్న మాటను. ముందు మాటేమీ లేకపోతే ఏం చూస్తున్నారు, ఎంతసేపు చూస్తున్నారు, కావాలని చూస్తున్నారా అన్నవి అడగాలి. మూడిట్లో ఏదో ఒకదాని జవాబు క్రియను పట్టిస్తుంది.

మొదలు మూడు క్రియలు

సీ, లుక్, వాచ్. ఈ మూడు గట్టిగా కుదిరితే రోజువారీ మాటల్లో చాలావరకు పని గడుస్తుంది. మిగతావన్నీ వీటి మీద వేసే రంగులే.

‘సీ’ అంటే కానొచ్చుడు. భద్రకాళి గుడి దగ్గర నిలబడి “చెరువు కానొస్తుందా?” అని అడిగితే ఇంగ్లీషులో అది “కెన్ యు సీ ద లేక్?”. ఇక్కడ ‘కెన్’ను వదలొద్దు. ఇప్పుడు, ఈ క్షణంలో కళ్లకు ఆనుతున్నదాన్ని చెప్పడానికి ఇంగ్లీషువాళ్లు ‘కెన్ సీ’ అంటారు. మనం “కనిపిస్తున్నది” అంటాం కాబట్టి ఆ ‘తున్న’ను పట్టుకుని “ఐ యామ్ సీయింగ్ ద లేక్” అనేస్తాం. తప్పు పుట్టేది అక్కడే. కంటికి ఆనడం మనం చేసే పని కాదు, మనకు జరిగేది. అందుకే ఆ అర్థంలో ‘సీ’కి ఐఎన్‌జీ తగిలించరు. ‘సీయింగ్’ అన్న రూపం లేదని కాదు, ఉంది. కానీ దాని అర్థాలు వేరు. “ఐ యామ్ సీయింగ్ ద డాక్టర్ ఎట్ ఫోర్” అంటే నాలుగింటికి డాక్టర్ దగ్గరికి పోతున్నానని. “షి ఈజ్ సీయింగ్ సమ్‌వన్” అంటే ఆమె ఎవరితోనో ప్రేమలో ఉందని. ఈ రెండోది గుర్తు పెట్టుకోవాలి, కింద సంబంధాల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

‘లుక్’ అంటే చూపు తిప్పుడు. కనిపించిందా లేదా అన్నది తర్వాతి సంగతి. “చూసిన గానీ ఏం కానరాలె” అని మనం అంటాం కదా, ఇంగ్లీషులో అది “ఐ లుక్డ్, బట్ ఐ సా నథింగ్”. తెలుగులోనూ ఇక్కడ రెండు క్రియలే వాడాం. అంటే ‘సీ’కీ ‘లుక్’కూ ఉన్న తేడా మనకు తెలియనిది కాదు, కనబడటం వేరు, చూడటం వేరు అని మన భాషే చెబుతుంది. ఇంగ్లీషులోకి పోయేటప్పుడు దాన్ని ఇక్కడే వదిలేసి పోతాం, అంతే.

‘లుక్’ తర్వాత వస్తువు పేరు వస్తే మధ్యలో ‘ఎట్’ తప్పనిసరి. ‘ఎట్’ను బాణం గుర్తు అనుకోండి, చూపు ఎటు పోయిందో చెబుతుంది. “లుక్ ద బోర్డ్” తప్పు, “లుక్ ఎట్ ద బోర్డ్” ఒప్పు. దిక్కును చెప్పే మాట వస్తే మాత్రం బాణం అక్కర్లేదు, ఆ మాటే బాణం. “లుక్ హియర్”, “లుక్ అప్”, “లుక్ లెఫ్ట్”. ఈ సూత్రం తెలిసినవాళ్లు కూడా భయంకొద్దీ “లుక్ ఎట్ హియర్” అంటుంటారు. అదీ తప్పే.

రామప్ప గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. అక్కడ పరాయి రాష్ట్రాలవాళ్లకో, పరాయి దేశాలవాళ్లకో గుడి చూపించే కుర్రవాళ్లకు ఒక వాక్యం అచ్చంగా పనికొస్తుంది: “ఇఫ్ యు లుక్ అప్, యు కెన్ సీ ద మదనికాస్.” పైకి చూడటం వచ్చినవాళ్ల పని, మదనికలు, అంటే పైన ఉన్న ఆడ శిల్పాలు, కనిపించడం దాని ఫలితం. రెండు క్రియలూ తమ తమ చోట్ల కూర్చున్నాయి. “సీ అప్, యు కెన్ లుక్” అని తిరగేస్తే వినేవాళ్లు తల పట్టుకుంటారు. స్తంభం దగ్గరికి తీసుకుపోయి “సీ దిస్ పిల్లర్” అనడం మన దేశంలో చెల్లిపోతుంది గానీ “లుక్ ఎట్ దిస్ పిల్లర్” గానీ “హ్యావ్ ఎ లుక్ ఎట్ దిస్ పిల్లర్” గానీ సహజంగా ఉంటాయి.

‘వాచ్’ అంటే చూపును నిలిపి, జరుగుతున్నదాని వెంట పోవుడు. దీనికి కావలసింది కాలం. వాచ్, వేక్ రెండూ ఒకే పాత ఇంగ్లీషు వేరు నుంచి వచ్చాయి, మేలుకొని ఉండటమన్నది దాని అర్థం. రాత్రి కాపలా మనిషిని వాచ్‌మన్ అనేది అందుకే. ఫొటో కదలదు, కాబట్టి “లుక్ ఎట్ ద ఫొటో”. వీడియో నడుస్తుంది, కాబట్టి “వాచ్ ద వీడియో”. బతుకమ్మ ఆడుతుంటే “వాచ్”, ఆడి పక్కన పెట్టిన బతుకమ్మ పేర్పును చూస్తే “లుక్ ఎట్”. వరంగల్ కోటలో రాతి తోరణాన్ని “వాచ్” చేస్తున్నానంటే అది కదులుతుందేమోనని కాచుకుని కూర్చున్నట్టు.

టీవీకి ఎప్పుడూ ‘వాచ్’. సినిమా దగ్గర రెండూ నడుస్తాయి. థియేటర్‌కు పోయి చూస్తే ‘సీ’ ఎక్కువగా వినిపిస్తుంది, ఇంట్లో టీవీలోనో ఫోన్‌లోనో చూస్తే ‘వాచ్’. “హ్యావ్ యు సీన్ దట్ ఫిల్మ్?” అని అడిగితే ఆ సినిమా నీ అనుభవంలో ఉందా అని అడిగినట్టు, ఎక్కడ చూశావన్నది లెక్కలోకి రాదు. ఇందులో తప్పుపట్టే పరీక్షాధికారి ఉంటే అది ఆయన పట్టుదలే తప్ప భాష పెట్టిన నియమం కాదు.

కాజీపేట జంక్షన్‌లో నీళ్ల బాటిల్ కోసం దిగుతూ పక్క సీటాయనకు “అన్నా, బ్యాగ్ జర చూడు” అని చెప్పి పోతాం. అదే మాట ఇంగ్లీషు మాట్లాడే ప్రయాణికుడికి చెప్పాలంటే “కుడ్ యు వాచ్ మై బ్యాగ్, ప్లీజ్?”. “సీ మై బ్యాగ్” అంటే బ్యాగ్ ఎట్లుందో చూసి మెచ్చుకోమన్నట్టు. మనుషుల మీద ‘వాచ్’ వాడేటప్పుడు కొంచెం ఆలోచించాలి. ఆడుకునే పిల్లలను ‘వాచ్’ చేయడం బాధ్యత. దారిన పోయే మనిషిని ‘వాచ్’ చేశానంటే కాపు కాసినట్టు, నిఘా పెట్టినట్టు వినిపిస్తుంది. మామూలుగా కంటపడి ఉంటే “ఐ సా హర్” చాలు.

చూసింది మొత్తమా, మధ్యలో ముక్కా

‘సీ’, ‘వాచ్’, ‘నోటిస్’ లాంటివాటి తర్వాత ఇంకో పని వస్తే దాని రూపం రెండు రకాలు. మేడారంలో “వి సా ద ప్రీస్ట్స్ బ్రింగ్ సమ్మక్క టు ద గద్దె” అంటే చిలకలగుట్ట నుంచి బయల్దేరి గద్దెకు చేరేదాకా జరిగినదంతా చూశామని. “వి సా ద ప్రీస్ట్స్ బ్రింగింగ్ సమ్మక్క” అంటే తెస్తుండగా మధ్యలో చూశామని, చేరడం చూడకపోయి ఉండొచ్చు. తెలుగులో “తేవడం చూశాం”, “తెస్తుండగా చూశాం” అన్నట్టే. మామూలు మాటల్లో చిన్నదిగా కనిపించే ఈ తేడా సాక్ష్యం దగ్గర బరువెక్కుతుంది. “ఐ సా హిమ్ బ్రేక్ ద లాక్” అంటే తాళం పగిలేదాకా చూశానని ఒప్పుకున్నట్టు. “బ్రేకింగ్” అంటే పగలగొడుతుండగా చూశానని మాత్రమే.

ఈ రెండు రూపాల్లో దేని ముందూ ‘టు’ను దూర్చొద్దు. “ఐ సా హిమ్ టు బ్రేక్” తప్పు. వాక్యాన్ని తిప్పి కర్మణిలో (ప్యాసివ్ వాయిస్‌లో) పెడితే మాత్రం ‘టు’ వచ్చి కూర్చుంటుంది: “హీ వాజ్ సీన్ టు బ్రేక్ ద లాక్.” వ్యాకరణం పేపర్లలో ఇది ఇష్టమైన ప్రశ్న.

లుక్ యాంగ్రీ, లుక్ యాంగ్రిలీ

‘లుక్’కు ఇంకో ముఖం ఉంది. “హీ లుక్డ్ యాంగ్రీ” అంటే ఆయన కోపంగా కనిపించాడు, చూసింది మనం. “హీ లుక్డ్ యాంగ్రిలీ ఎట్ ద క్లర్క్” అంటే ఆయనే కోపంగా చూశాడు. ‘లీ’ ఒక్కటి చేరితే కళ్లు ఎవరివో మారిపోయాయి. “అలసిపోయినట్టు కనిపిస్తున్నవ్” అనడానికి “యు లుక్ టయర్డ్” సరిపోతుంది, “టయర్డ్‌లీ” వద్దు. “యు లుక్ గుడ్” అంటే ముస్తాబు బాగుందని, “యు లుక్ వెల్” అంటే ఆరోగ్యంగా ఉన్నావని. జ్వరం నుంచి లేచిన మనిషిని రెండో మాటతో పలకరించాలి. పేరు వస్తే ‘లైక్’ కావాలి: “యు లుక్ లైక్ యువర్ ఫాదర్.”

ఎట్ ఎక్కడ, ఎక్కడ వద్దు

రంగు క్రియల్లోకి పోయేముందు ఈ ఒక్కటి కుదుర్చుకుంటే సగం తప్పులు పోతాయి. చూపును విసిరే క్రియలకు ‘ఎట్’ ఉంటుంది. లుక్, గ్లాన్స్, స్టేర్, గేజ్, గ్లేర్, పీర్, గేప్, స్క్వింట్ అన్నీ ఆ కోవలోవే. చూపుకు చిక్కినదాన్ని చెప్పే క్రియలకు ‘ఎట్’ ఉండదు. సీ, నోటిస్, స్పాట్, గ్లింప్స్ అట్లాంటివి. ఈ లెక్కకు లొంగనివి కొన్ని ఉన్నాయి. వాచ్, స్కాన్, ఎగ్జామిన్ చూపును విసిరేవే అయినా ‘ఎట్’ తీసుకోవు. వాటిని బట్టీ పట్టాల్సిందే. కర్మణిలోనూ ‘ఎట్’ ఊడిపోదు, “ఐ వాజ్ స్టేర్డ్ ఎట్” అని వాక్యం చివర వేలాడుతూ ఉంటుంది. అది అసంపూర్తిగా అనిపించి చాలామంది కొట్టేస్తారు. కొట్టేయొద్దు.

కళ్లప్పగించి చూసినా రెండు రకాలు

‘స్టేర్’, ‘గేజ్’ రెండూ కన్నార్పకుండా చూడటమే. తెలుగులో రెండింటినీ “తదేకంగా చూడు” అని పుస్తకాల్లో రాసేస్తారు, చిక్కంతా అక్కడ మొదలవుతుంది. ‘స్టేర్’లో కళ్లు పెద్దవై ఒకచోట గుచ్చుకుని ఉంటాయి. వెనక ఉన్నది ఆశ్చర్యం కావచ్చు, భయం కావచ్చు, మర్యాద తెలియకపోవడం కావచ్చు, ఏమీ లేకపోవడం కూడా కావచ్చు. పరీక్ష హాల్లో ఏమీ రాయబుద్ధి కాక గోడను చూస్తూ కూర్చున్నవాడు “స్టేర్స్ ఎట్ ద వాల్”. రాత్రంతా ఫోన్‌లో మొహం పెట్టినవాడు “స్టేర్స్ ఎట్ ద స్క్రీన్”. వస్తువుల మీద స్టేర్ తిట్టు కాదు. మనిషి మీదికి వచ్చిందంటే మాత్రం వినేవాళ్ల చెవికి కొంచెం మొరటుగా తాకుతుంది. బస్సులో ఒక కుర్రవాడు ఒకమ్మాయిని అదే పనిగా చూస్తుంటే ఆమె అనేది “స్టాప్ స్టేరింగ్ ఎట్ మీ”. “గేజింగ్” అనదు.

‘గేజ్’లో మనసు కలుస్తుంది. మెచ్చుకోలు, ప్రేమ, ధ్యాస, ఏదో లోతైన ఆలోచన. లక్నవరం వేలాడే వంతెన మీద నిలబడి నీళ్లను చూస్తూ లోకం మరిచిపోతే అది “గేజింగ్ ఎట్ ద వాటర్”. ఉయ్యాలలో పిల్లను చూస్తూ తల్లి కూర్చుంటే అదీ గేజే. ఇది కాస్త రాతలో ఎక్కువ, మాటలో తక్కువ కనిపించే మాట. ఆఫీసులో “ప్లీజ్ గేజ్ ఎట్ ద సెకండ్ పేజ్” అంటే కాగితాన్ని ప్రేమించమన్నట్టుంటుంది. పలకడంలో ఒక మెలిక: రైలు పట్టాల గేజ్ వేరు, ఈ గేజ్ వేరు. మన లిపిలో రెండూ ఒకటే అయినా చూపు గేజ్ చివర ‘స్’ను గొంతు కలిపి తేనెటీగ మోతలా సాగదీయాలి, పట్టాల గేజ్ చివర మన జకారం లాంటిదే పలుకుతుంది.

నోరు తెరుచుకుని చూస్తే ‘గేప్’. స్టేర్‌కు తెరిచిన నోరు కలిపితే అదే. ‘గాక్’ దానికి తమ్ముడు. హైవే మీద లారీ బోల్తా పడితే బండ్లు ఆపుకుని గుమిగూడి చూస్తారు చూడండి, అది గాకింగ్. సాయం చేసే చేయి లేని చూపు అది. మాటలోనే ఎత్తిపొడుపు ఉంది.

గ్లాన్స్, గ్లింప్స్: అచ్చం కవలల్లా కనిపించే పరాయివాళ్లు

అన్నిటికంటే ఎక్కువగా తారుమారయ్యే జంట ఇది. రెండూ క్షణకాలమే కాబట్టి ఒకటే అనుకుంటారు. ‘గ్లాన్స్’లో చూపు కురచ: మనమే కావాలని ఒకసారి విసిరి వెనక్కి తీసుకుంటాం. ‘గ్లింప్స్’లో కనబడటం కురచ: మనం ఎంత చూడాలనుకున్నా ఒక్క రవ్వంతే కంటికి చిక్కుతుంది. బండి నడుపుతూ అద్దంలోకి ఓసారి చూస్తే గ్లాన్స్. జాతరలో జనం తలల మధ్య నుంచి గద్దె ఒక్క లిప్త కనిపించి మరుగైతే గ్లింప్స్. మొదటిది ‘లుక్’ ఇంటిది, రెండోది ‘సీ’ ఇంటిది. వాళ్ల వ్యాకరణం కూడా ఇంటి పోలికే. “ఐ గ్లాన్స్డ్ ఎట్ ద మిర్రర్”లో ‘ఎట్’ ఉంది, “ఐ గ్లింప్స్డ్ ద గద్దె”లో లేదు.

నామవాచకాలుగా వాడితే జత కుదిరే క్రియలు కూడా వేరు. గ్లాన్స్‌ను ‘టేక్’ చేస్తాం: “టుక్ ఎ గ్లాన్స్ ఎట్”. గ్లింప్స్‌ను ‘క్యాచ్’ చేస్తాం: “కాట్ ఎ గ్లింప్స్ ఆఫ్”. జారిపోయేదాన్ని పట్టుకోవాలి కదా, అట్లా గుర్తు పెట్టుకుంటే మళ్లీ తప్పదు. “టుక్ ఎ గ్లింప్స్” అని రాస్తే పేపరు దిద్దేవాళ్లు ఎర్రగీత పెడతారు, పెట్టాలి కూడా. ఓరకంట చూడటానికి మామూలుగా రెండు మూడు మాటలు కలిపి చెబుతారు. “గ్లాన్స్డ్ సైడ్‌వేస్” అనొచ్చు, “లుక్డ్ అవుట్ ఆఫ్ ద కార్నర్ ఆఫ్ హర్ ఐ” అనొచ్చు.

‘స్పాట్’, ‘నోటిస్’ కూడా ‘సీ’ ఇంటివే. వెతుకుతుండగా కంటపడితే స్పాట్. బతుకమ్మ ఆటలో వందమంది మధ్య అక్కను గుర్తుపడితే “ఐ స్పాటెడ్ మై సిస్టర్”. కంటపడింది బుర్రకు ఎక్కితే నోటిస్. “ఐ సా ద బోర్డ్ బట్ డిడ్ నాట్ నోటిస్ ద డేట్”: బోర్డు కనిపించింది, తేదీ మీద ధ్యాస పోలేదు.

తొంగి చూపు, చికిలించిన చూపు

‘పీప్’ అంటే సందులోంచో తలుపు చాటునుంచో చాటుగా తొంగి చూడటం. ‘పీక్’ కూడా దాదాపు అంతే, కాకపోతే ఇందులో చిలిపితనం ఎక్కువ, తప్పు తక్కువ. పక్కవాడి పరీక్ష పేపర్లోకి దొంగచూపు “స్నీక్ ఎ పీక్”. బాత్రూమ్ కిటికీ దగ్గర తచ్చాడేవాడు మాత్రం “పీపింగ్ టామ్”. కాబట్టి మనుషుల విషయంలో ‘పీప్’ను చూసి వాడాలి. “ఓసారి మీ ఇంట్లో తొంగిచూసి పోతా” అన్న అర్థంలో “ఐ విల్ పీప్ ఇన్” అని మన దగ్గర అనేస్తారు, దానికి బయటివాళ్లు “ఐ విల్ డ్రాప్ ఇన్” అంటారు.

‘పీర్’ ఈ రెండిటి పక్కన నిలబడి మోసం చేస్తుంది. ఇందులో చాటు లేదు, కష్టం ఉంది. పొగమంచులో వచ్చే బస్సు బోర్డు చదవాలని మెడ ముందుకు చాచి చూస్తే పీర్. మందు చీటీ మీద చిన్న అక్షరాలకు కళ్లజోడు సవరించుకుంటే పీర్. బావిలోకి వంగి నీళ్లెంత లోతున ఉన్నాయో చూస్తే “పీర్డ్ ఇన్‌టు ద వెల్”. కళ్లు చికిలిస్తే ‘స్క్వింట్’. ఎండకో, దృష్టి ఆనకో రెప్పలు సగం మూసి చూడటం. “హీ హ్యాజ్ ఎ స్క్వింట్” అంటే మెల్లకన్ను ఉందని అర్థం మారిపోతుంది, మనిషి ముందు అనేటప్పుడు జాగ్రత్త.

కోపం చూపు గ్లేర్ అని ముందే అనుకున్నాం. గుడ్లురమడం, కొరకొర చూడటం, మిర్రిమిర్రి చూడటం అన్నీ దీనిలోకే వస్తాయి. ఎదురు లారీ హెడ్‌లైటు కళ్లలో కొట్టడాన్నీ గ్లేరే అంటారు. రెండిట్లోనూ ఎదుటివాడు తల తిప్పుకోవాల్సిందే, పోలిక బాగానే కుదిరింది. ఎగాదిగా చూడటానికి “లుక్డ్ మీ అప్ అండ్ డౌన్” అని మాటకు మాట దొరుకుతుంది, విచిత్రంగా ఇక్కడ మాత్రం ‘ఎట్’ ఉండదు. కలియజూడటం “లుక్డ్ అరౌండ్”. ఆడవాళ్లను చెడ్డ చూపు చూడటానికి ‘ఓగుల్’, ‘లీర్’ ఉన్నాయి. మొదటిదానికి ‘ఎట్’ లేకపోయినా నడుస్తుంది, రెండోదానికి కావాలి. ‘బిహోల్డ్’ ప్రార్థనల్లో వినే పాత మాట, ఉత్తరాల్లో వాడొద్దు.

పనిచోట చూపులు

ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తా విప్పి రంగు, తేమ, తాలు లెక్కన సరుకు చూడటం ‘ఇన్‌స్పెక్ట్’. చేతిలో ఒక కొలమానం ఉంటుంది, సరుకు దానికి తూగుతుందా అని చూస్తారు. ఆకు ముడత ఎందుకొచ్చిందో తెలుసుకోవడానికి మొక్కను తిప్పి చూడటం ‘ఎగ్జామిన్’. ఇక్కడ కొలమానం కాదు, కారణం కావాలి. అందుకే డాక్టర్ రోగిని ఎగ్జామిన్ చేస్తాడు, అధికారి గోదామును ఇన్‌స్పెక్ట్ చేస్తాడు. తిరగేయొద్దు. ‘అబ్జర్వ్’ చేయిపెట్టకుండా గమనిస్తూ పోవడం. ఆసుపత్రిలో “అండర్ అబ్జర్వేషన్” అన్న మాట అందరూ విన్నదే. దానికి పాటించడమన్న అర్థమూ ఉంది, “అబ్జర్వ్ సైలెన్స్” అంటే నిశ్శబ్దాన్ని చూడమని కాదు.

చదువులో ‘స్కిమ్’, ‘స్కాన్’ తేడా పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్లకు చాలా అవసరం. ఉద్యోగ నోటిఫికేషన్ ఇరవై పేజీలు ఉందనుకోండి. మొదట శీర్షికలూ ప్రతి పేరా మొదటి వాక్యమూ చదువుతూ మొత్తం దేని గురించో పట్టుకోవడం స్కిమ్, పాల మీద మీగడ తీసినట్టు. తర్వాత వయసు, ఫీజు, చివరి తేదీ అన్న మూడింటి కోసమే కళ్లను పేజీ మీద పరుగెత్తించడం స్కాన్. ఇతర మాటలు కంటి ముందు నుంచి పోతున్నా పట్టించుకోవద్దు, అంకెలనే వెతకాలి. మామూలు ఇంగ్లీషులో స్కాన్‌కు శ్రద్ధగా వెతికి చూడటమనీ, పైపైన చూడటమనీ రెండు ఎదురెదురు అర్థాలున్నాయి, సందర్భమే తేలుస్తుంది.

చీరల దుకాణంలో “ఏం చూపెట్టమంటరు?” అంటే “ఏం లేదు, ఊకె చూస్తున్నం” అంటాం. దానికి ఇంగ్లీషులో తయారుగా ఉన్న మాట “జస్ట్ లుకింగ్, థాంక్స్”. “జస్ట్ బ్రౌజింగ్” అన్నా అదే. “జస్ట్ సీయింగ్”, “జస్ట్ వాచింగ్” రెండూ కుదరవు.

కంటితో పనిలేని ‘చూడు’లు

తెలుగు ‘చూడు’ కంటిని దాటి చాలా దూరం పోయింది. ఇంగ్లీషులో తప్పులు ఎక్కువగా పడేది ఇక్కడే, ఎందుకంటే చూడటమే లేని చోట చూసే క్రియ పెడతాం.

“డాక్టర్‌కు చూపెట్టుకున్న” అంటే “ఐ షోడ్ టు ద డాక్టర్” కాదు, “ఐ సా ఎ డాక్టర్”. “కిరాయికి ఇల్లు చూస్తున్నం” అంటే వెతుకుతున్నాం, “వి ఆర్ లుకింగ్ ఫర్ ఎ హౌస్ టు రెంట్”. “పిల్లకు సంబంధాలు చూస్తున్నం” అన్నదీ వెతకడమే, “వి ఆర్ లుకింగ్ ఫర్ ఎ గ్రూమ్”. ఇక్కడ “షి ఈజ్ సీయింగ్ ఎ బాయ్” అని నోరు జారితే పెళ్లిచూపుల సంగతి కాస్తా ప్రేమ వ్యవహారమై కూర్చుంటుంది. “పిల్లగాన్ని చూస్కో” అంటే “లుక్ ఆఫ్టర్ ద బాయ్”. “లెక్కలు ఆయన చూస్తడు” అంటే “హీ హ్యాండిల్స్ ద అకౌంట్స్”. “టైమ్ చూడు” అంటే “చెక్ ద టైమ్”. “చూసి నడువు” అంటే “వాచ్ యువర్ స్టెప్”. “నీ పని నువ్వు చూస్కో” అని కసిరితే “మైండ్ యువర్ ఓన్ బిజినెస్”. “తిని చూడు” అన్నప్పుడు “ఈట్ అండ్ సీ” వద్దు, “ట్రై ఇట్” చాలు. ఎదురుచూడటం మామూలుగా “వెయిట్ ఫర్”, సంతోషంగా ఎదురుచూస్తే “లుక్ ఫార్వర్డ్ టు”. ఈ చివరిదాని తర్వాత క్రియ వస్తే ఐఎన్‌జీ తప్పదు: “ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు.” ఉద్యోగాల ఉత్తరాల్లో “టు మీట్ యు” అని రాసి పంపేవాళ్లకు లెక్కే లేదు.

ఉత్తరాల్లోనే ఇంకో గొయ్యి ఉంది. “నా దరఖాస్తును ఓసారి చూడండి” అనబోయి “ప్లీజ్ ఓవర్‌లుక్ మై అప్లికేషన్” అని రాస్తే పట్టించుకోవద్దని మనమే బతిమాలినట్టు. ‘ఓవర్‌లుక్’ అంటే చూసీ చూడనట్టు వదిలేయడం, లేదా గమనించకపోవడం. కావలసింది “లుక్ ఓవర్” అయితే పైపైన ఓసారి చూడమని, “లుక్ ఇన్‌టు” అయితే ఏమైందో ఆరా తీయమని. పైఅధికారిగా పని చూసుకోవడం ‘ఓవర్‌సీ’.

చేసి చూడటానికి ఆరు వాక్యాలు

కింది జవాబులు చదవకముందు ముందు మాటను పట్టుకుని మీరే ఇంగ్లీషులో చెప్పండి. సూదిలో దారం ఎక్కించడానికి అవ్వ కళ్లు చికిలించి చూసింది. బస్సు దిగుతూ గడియారం ఓసారి చూసుకున్నడు. గుంపులో అన్న ఒక్క క్షణం కనిపించి మాయమైండు. మక్కలు ఆరబోసినం, మొగులు పట్టింది, జర చూస్తుండు. ఫోన్ చేసి చూడు. పిల్లగాడు గోడ దూకుడు చూసిన.

అవ్వది ‘స్క్వింటెడ్ ఎట్’. మెడ చాచి సూదిని దగ్గరికి తెచ్చుకుంటే ‘పీర్డ్ ఎట్’ కూడా తప్పు కాదు. గడియారం “గ్లాన్స్డ్ ఎట్ హిజ్ వాచ్”, ఆ చివరి వాచ్ చేతి గడియారం. అన్న మనకు చిక్కీ చిక్కలేదు కాబట్టి “కాట్ ఎ గ్లింప్స్ ఆఫ్ మై బ్రదర్”. మొగులు చూడటంలో కాలముంది, కాపలా ఉంది: “కీప్ యాన్ ఐ ఆన్ ద స్కై”. ‘వాచ్ ద స్కై’ అన్నా సరే. ఫోన్ దగ్గర కంటికి పనే లేదు, “ట్రై కాలింగ్ హిమ్”. ఇక పిల్లగాడు గోడ దిగి అవతల పడేదాకా చూస్తే “ఐ సా హిమ్ జంప్ ఓవర్ ద వాల్”, గోడ మీద ఉండగా చూసి మీరు తల తిప్పుకుంటే “జంపింగ్”.